36 ఫోటోలు, ఒక పాత కెమెరా



పోయిన టర్మ్‌లో మన ఫోటోగ్రఫీ క్లబ్ పిల్లలు 12 మంది ఒకే కెమెరాతో ఫోటోలు తీశారు. అది రీలు వేసే కెమెరా. రీలుకి 36 ఫోటోలు వస్తాయి కాబట్టి ఒక్కొక్కరికి మూడు చొప్పున పంచుకున్నాం. ఆ కెమెరాకి వెనక స్క్రీన్ ఉండదు. తీసింది ఎలా వచ్చిందో రీలు కడిగించేదాకా తెలియదు.

తొమ్మిదో తరగతి బాబు ఒకడు కెమెరా కంటి దగ్గర పెట్టుకున్నాడు, దించాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఫోన్ ఇస్తే పది సెకన్లలో పది ఫోటోలు తీసే పిల్లాడే. నాలుగైదు నిమిషాలు అలాగే నిలబడి, చివరికి నా వైపు తిరిగి "మేడమ్, తప్పు వస్తే?" అన్నాడు.

నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. ఇదే కెమెరాతో నేనూ ఒక తప్పు చేశాను. దాన్ని ఇంకా మరిచిపోలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ కెమెరా ఏమిటో, ఎలా పనిచేస్తుందో చూద్దాం. మీ ఇంట్లో బీరువా పైన ఇలాంటిదే ఒకటి ఉండి ఉండొచ్చు.

ఏమిటీ కెమెరా?

దీని పేరు నికాన్ ఎఫ్ఎమ్10. 1995లో వచ్చింది. పేరు నికాన్‌దే అయినా తయారుచేసింది జపాన్‌లోని కొసినా అనే కంపెనీ. నేర్చుకునేవాళ్లకి తక్కువ ఖర్చులో అందాలని పైభాగమంతా ప్లాస్టిక్‌తో చేశారు. లెన్స్ లేకుండా బరువు సుమారు 420 గ్రాములు. ఆ రోజుల్లో స్టూడియోల వాళ్లు ఇష్టంగా వాడిన ఎఫ్ఎమ్2 బరువు 540 గ్రాములు. అందుకే ఆరో తరగతి పిల్లలు కూడా దీన్ని మెడలో వేసుకుని తిరగగలరు. దీంతోపాటు వచ్చే లెన్స్ 35 నుంచి 70 మిల్లీమీటర్ల జూమ్.

ఇది మాకు మా చిన్నమామయ్య ఇచ్చింది. ఆయన ఖమ్మంలో పెళ్లి ఫోటోలు తీసేవారు. డిజిటల్ వచ్చాక దీన్ని పెట్టెలో పెట్టేశారు.

ఇందులో ఆటోమేటిక్ అనేది ఏదీ లేదు. ఫోకస్ మనమే తిప్పాలి. వెలుతురు ఎంత లోపలికి రానివ్వాలో మనమే నిర్ణయించాలి. ప్రతి ఫోటో తర్వాత లీవర్ లాగి రీలు ముందుకి జరపాలి. రెండు బటన్ బ్యాటరీలు ఉంటాయి కానీ అవి వెలుతురు కొలిచే మీటర్ కోసం మాత్రమే. అవి అయిపోయినా ఫోటో తీయొచ్చు, ఎందుకంటే షట్టర్ స్ప్రింగుల మీద నడుస్తుంది.

లోపల ఏం జరుగుతుంది?

ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్స్ వెనక 45 డిగ్రీల వాలులో ఒక చిన్న అద్దం ఉంటుంది. లెన్స్ గుండా వచ్చిన వెలుతురు ఆ అద్దానికి తగిలి పైకి వెళ్తుంది. పైన ఉన్న పట్టకం దాన్ని తిప్పి మన కంటికి పంపుతుంది. అంటే ఫోటో ఏ లెన్స్ గుండా పడుతుందో మనమూ అదే లెన్స్ గుండా చూస్తున్నాం. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుతురు రీలు మీద పడుతుంది. ఆ క్షణం మన కంటికి చీకటవుతుంది. "మేడమ్, కరెంట్ పోయింది" అని ఏడో తరగతి పాప ఒకతె అరిచింది కూడా! పదో తరగతి పిల్లలు ఫిజిక్స్‌లో గీసే కిరణ చిత్రాలు ఇక్కడ చేతిలోనే కనిపిస్తాయి.

పిల్లలు నిర్ణయించాల్సినవి మూడు

*1. షట్టర్ స్పీడ్.* పైన డయల్ మీద 1, 2, 4, 8, 15, 30, 60, 125, 250, 500, 1000, 2000 అని ఉంటాయి. ఇవి భిన్నాలు. 500 అంటే సెకనులో 500వ వంతు. 250 నుంచి 125కి వస్తే షట్టర్ రెట్టింపు సేపు తెరిచి ఉంటుంది. పరుగెత్తే పిల్లల్ని తీయాలంటే 500, ఇంకా ఎక్కువ. 60 కంటే తక్కువకి వెళ్తే చేతి వణుకు ఫోటోలో పడుతుంది. అప్పుడు గోడకో బల్లకో ఆనించుకోవాలి.

*2. అపెర్చర్.* లెన్స్ లోపల తెరుచుకుని మూసుకునే రంధ్రం ఇది. దీని అంకెలు 5.6, 8, 11, 16, 22 ఇలా ఉంటాయి. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. పిల్లలందరూ తికమకపడేది ఇక్కడే. అపెర్చర్ అంకె అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. లెన్స్ 50 మిల్లీమీటర్ల దగ్గర ఉందనుకోండి. అంకె 8 పెడితే వ్యాసం 6.25 మిల్లీమీటర్లు, 16 పెడితే 3.125. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతే కాబట్టి వెలుతురూ నాలుగో వంతే వస్తుంది. ఇంట్లో పిల్లలతో ఈ లెక్క చేయించి చూడండి. చిన్న రంధ్రం పెడితే దగ్గరిదీ దూరానిదీ రెండూ స్పష్టంగా వస్తాయి. పెద్దది పెడితే మనిషి స్పష్టంగా, వెనకంతా మసకగా వస్తుంది.

*3. ఫోకస్.* వ్యూఫైండర్ మధ్యలో చిన్న గుండ్రని భాగం ఉంటుంది. ఫోకస్ కుదరకపోతే అందులో వస్తువు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. తలుపు అంచో కిటికీ చువ్వో చూస్తూ లెన్స్ రింగ్ తిప్పాలి. రెండు ముక్కలూ కలిస్తే ఫోకస్ కుదిరినట్టే.

వెలుతురు సరిపోయిందో లేదో చెప్పడానికి షట్టర్ బటన్ మీద వేలు మెల్లగా ఆనిస్తే వ్యూఫైండర్‌లో చిన్న లైట్లు వెలుగుతాయి. ఎర్ర ప్లస్ వస్తే వెలుతురు ఎక్కువ, ఎర్ర మైనస్ వస్తే తక్కువ. మధ్యలో పచ్చ లైటు వస్తే సరిపోయింది. బ్యాటరీ లేకపోతే పాత ఫోటోగ్రాఫర్ల సూత్రం ఒకటుంది. మంచి ఎండలో అపెర్చర్ 16 పెట్టి, షట్టర్ స్పీడ్‌ని రీలు ఐఎస్ఓ అంకెకి దగ్గరగా పెట్టాలి. ఐఎస్ఓ 200 రీలుకి 250.

ఆ ఐఎస్ఓ అంకెని రీలు వేసిన వెంటనే డయల్ మీద పెట్టాలి. మరిచిపోతే మీటర్ 36 ఫోటోలకీ తప్పు లెక్కే చెబుతుంది.

రీలు వేయడం, నా తప్పు

బి.ఎడ్ చదివేటప్పుడు ఒక సంక్రాంతికి ఈ కెమెరాతో అమ్మమ్మ ఊరు వెళ్లాను. మామయ్యలు, పిన్నులు, వాళ్ల పిల్లలు అందరూ వచ్చారు. అమ్మమ్మని వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చోబెట్టి, చుట్టూ అందరినీ నిలబెట్టి తీశాను. ముగ్గులు తీశాను. వంటింట్లో అరిసెలు వత్తుతుంటే తీశాను. అంకె 36కి వచ్చింది, 37, 38, 40 కూడా అయింది. "భలే, ఎక్కువ వస్తున్నాయే" అనుకున్నాను.

కెమెరా తెరిచి చూస్తే రీలు నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. అంగుళం కూడా కదల్లేదు. రీలు కొస చుట్టుకునే కడ్డీలో సరిగా ఇరుక్కోలేదు. ఆ అంకె మనం లీవర్ ఎన్నిసార్లు లాగామో చెబుతుంది తప్ప రీలు కదిలిందో లేదో చెప్పదు. చిన్నమామయ్యకి చెబితే ఒక్క మాటే అడిగారు: "రివైండ్ నాబ్ తిరిగిందో లేదో చూశావామ్మా?"

చూడలేదు. ఆ ఏడాది ఉగాది తర్వాత అమ్మమ్మ పోయింది. మేమందరం ఆవిడతో కలిసి ఉన్న ఫోటో మా ఇంట్లో లేదు.

అందుకే క్లబ్‌లో మొదటి రోజంతా రీలు వేయడం మీదే గడిపాం. పాడైపోయిన పాత రీలు ఒకటి పెట్టుకుని 12 మందీ వేసి తీశారు. వరస ఇది:

- ఎడమవైపు రివైండ్ నాబ్ పైకి లాగితే వెనక తలుపు తెరుచుకుంటుంది. నీడలోనే తెరవాలి.
- రీలు డబ్బీని ఎడమ గూటిలో పెట్టి నాబ్ కిందికి నొక్కాలి.
- రీలు కొసని కుడివైపు కడ్డీ సందులోకి దూర్చాలి. అంచుల్లో ఉన్న రంధ్రాలు పళ్లచక్రంలో పడాలి.
- తలుపు వేయకముందే లీవర్ ఒకసారి లాగి, రీలు చుట్టుకుంటోందో లేదో కంటితో చూడాలి.
- షట్టర్ మడతల్ని వేలితో ముట్టుకోకూడదు. అవి చాలా పల్చగా ఉంటాయి.
- తలుపు వేసి, అంకె 1 వచ్చేదాకా ఖాళీగా నొక్కుతూ లీవర్ లాగాలి.
- లాగిన ప్రతిసారీ ఎడమ నాబ్ తిరుగుతుండాలి. తిరిగితే రీలు కదులుతోందని అర్థం.

రీలు అయిపోయాక లీవర్ గట్టిపడుతుంది. బలంగా లాగితే రీలు చిరుగుతుంది. కెమెరా అడుగున చిన్న బటన్ నొక్కి, నాబ్ మీది పిడిని బాణం గుర్తు వైపు తిప్పాలి. తిప్పుతున్నప్పుడు బిగువుగా ఉండి చివర్లో ఒక్కసారిగా వదులవుతుంది. అప్పుడే తలుపు తెరవాలి.

ఆ రోజు ఏం జరిగింది?

"తప్పు వస్తే?" అని అడిగిన బాబు దగ్గరికి వద్దాం. వాడు తీయాలనుకున్నది మెట్ల కింద ఆయమ్మ ఒక యూకేజీ పాపకి షూ లేస్ కడుతున్న దృశ్యం. అక్కడ వెలుతురు తక్కువ. పచ్చ లైటు రావడం కోసం డయల్ తిప్పుతూ 15కి వచ్చాడు. 15 దగ్గర చేతిలో పట్టుకుని తీస్తే ఫోటో కదిలిపోతుందని నాకు తెలుసు. నా నోటి దాకా వచ్చింది. క్లాసులో అయితే ఈపాటికి చెప్పేసేదాన్ని. మా వృత్తే అది: తప్పు కనిపించగానే ఎర్ర పెన్ను తీస్తాం.

"తప్పు వస్తే ఎందుకు వచ్చిందో మనకి తెలియాలి. పుస్తకంలో రాసుకుని నొక్కు" అని మాత్రం అన్నాను. వాడు నొక్కాడు.

మా క్లబ్‌లో ఒక నోటుపుస్తకం ఉంది. ప్రతి ఫోటోకి ఒక వరస: ఫోటో నంబరు, షట్టర్ స్పీడ్, అపెర్చర్, వెలుతురు ఎలా ఉంది, ఎలా వస్తుందనుకుంటున్నావు. ఆ చివరి గడి ముఖ్యం. ఆ బాబు అందులో ఇలా రాశాడు: "15 పెట్టాను. చెయ్యి కదిలిందనుకుంటున్నాను."

రీలు కొరియర్‌లో పంపి, కడిగించి, స్కాన్ వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. 36లో 27 బాగా వచ్చాయి. తొమ్మిది పాడయ్యాయి: నాలుగు చేతి వణుకు వల్ల, మూడు ఫోకస్ కుదరక, రెండు వెలుతురు లెక్క తప్పి. ఆయమ్మ ఫోటో వణుకు జాబితాలో ఉంది. ఆవిడ చేతులు రెండు గీతల్లా వచ్చాయి.

వాడి ముఖం కాసేపు చిన్నబోయిన మాట నిజం. తర్వాత నోటుపుస్తకం తెరిచి తను రాసిన మాట చూసుకున్నాడు. "మేడమ్, నేను ముందే రాశాను" అన్నాడు. ఫోన్ అయి ఉంటే ఆ ఫోటో ఆ నిమిషమే డిలీట్ అయ్యేది, కారణం కూడా దాంతోపాటే పోయేది. ఇక్కడ తప్పు, దాని కారణం రెండూ పక్కపక్కనే మిగిలాయి. రెండో రీలులో అదే మెట్ల దగ్గర వాడు కెమెరాని మెట్టు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాడు. ఫోటో కాస్త వంకరగా వచ్చింది, కానీ కదల్లేదు. అది ఇప్పుడు నోటీసు బోర్డు మీద ఉంది. ఆయమ్మ ఒక కాపీ అడిగి తీసుకున్నారు.

ఒక నాన్నగారి ప్రశ్న

స్కాన్‌లు వచ్చిన రోజు సాయంత్రం ఒక నాన్నగారు ఫోన్ చేశారు. "తొమ్మిది పాడయ్యాయట కదమ్మా, ఎందుకీ దండగ? ఫోన్లో తీయొచ్చుగా" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఖర్చు చెబుతాను. రీలు, కడిగించడం, స్కాన్ అన్నీ కలిపి మాకు 1,500 రూపాయలు దాటింది. అంటే ఒక్కో ఫోటోకి 40 రూపాయల పైన. ఇది క్లబ్ బడ్జెట్ నుంచి పెట్టాం.

రోజువారీ అవసరాలకి ఫోన్ కెమెరానే మేలు, అందులో సందేహం లేదు. పుట్టినరోజులకి, ఊరి ప్రయాణాలకి రీలు మీద ఆధారపడొద్దనే చెబుతాను. నా అనుభవం చెప్పాను కదా! ఈ కెమెరా వల్ల పరీక్షల్లో మార్కులు పెరుగుతాయని కూడా నేను చెప్పను. నొక్కే ముందు ఆలోచించడం, నొక్కాక ఫలితం కోసం ఓపిక పట్టడం, పాడైతే కారణం వెతకడం, ఈ మూడూ మా పిల్లలు ఒక రీలులో చేశారు. ఆ 40 రూపాయలు వాటికి పెట్టాం అనుకుంటున్నాను.

మీ పిల్లలు స్కాన్‌లు చూపించినప్పుడు ఒక్క సాయం చేయండి. "ఎన్ని పాడయ్యాయి?" అని మొదలుపెట్టకండి. ఒక పాడైన ఫోటో చూపించి "ఇది ఎందుకిలా వచ్చింది?" అని అడగండి. వాళ్లు చెప్పేదాకా ఆగండి.

పాత కెమెరా కొనేముందు

ఎఫ్ఎమ్10 ఇప్పుడు తయారుకావడం లేదు, సెకండ్ హ్యాండ్‌లోనే వెతకాలి. యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000 కూడా తేలికైనదే, కొసినా తయారీయే. ఆటోమేటిక్ కావాలంటే 1999లో వచ్చిన క్యానన్ ఈఓఎస్ 300 చూడొచ్చు. అది రీలు మొత్తాన్ని ముందే బయటికి లాగేసి, తీసిన ఫోటోల్ని ఒక్కొక్కటిగా డబ్బీలోకి వెనక్కి చుట్టుకుంటుంది. మధ్యలో తలుపు తెరుచుకున్నా తీసినవి చాలావరకు దక్కుతాయి. అయితే సీఆర్2 బ్యాటరీలు రెండూ లేకపోతే అది అస్సలు పనిచేయదు.

ఏది కొన్నా ఇవి చూసుకోండి:

- షట్టర్ డయల్ 1 దగ్గర పెట్టి నొక్కితే నిజంగా సెకను సేపు తెరిచి ఉండాలి.
- లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి. సాలెగూడు లాంటి చారలుంటే అది ఫంగస్. తేమ ఎక్కువగా ఉండే తీర ప్రాంతాల్లో ఇది తరచుగా పడుతుంది.
- వెనక తలుపు గాడిలో నల్లటి స్పాంజి జిగురుగా మారితే వెలుతురు లోపలికి కారుతుంది.
- బ్యాటరీ గూటిలో పచ్చగా తుప్పు ఉండకూడదు.

వాడకంలో జాగ్రత్తలు:

- వ్యూఫైండర్‌లోంచి సూర్యుడి వైపు చూడనివ్వకండి. కళ్లు దెబ్బతింటాయి.
- బటన్ బ్యాటరీలు చిన్నపిల్లలకి అందకుండా పెట్టండి. మింగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.
- రీలుని ఎండలో ఆపిన కారులో వదలకండి.
- విమాన ప్రయాణంలో రీలుని చెక్-ఇన్ లగేజీలో వేయకండి. అక్కడి ఎక్స్‌రే దాన్ని పాడుచేస్తుంది.
- కెమెరా పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి ఉంచండి.

వచ్చే రీలు

వచ్చే నెల మూడో రీలు వేస్తున్నాం. ఈసారి అంశం "మా ఇంట్లో పెద్దవాళ్లు". ఒక్కొక్కరికి మూడు ఫోటోలే. వారానికి ఇద్దరు చొప్పున కెమెరా ఇంటికి తెచ్చుకుంటారు, నోటుపుస్తకం కూడా తెస్తారు. తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ ఎవరైనా కాసేపు కదలకుండా కూర్చోవాల్సి రావచ్చు. ముందే చెప్పి పెట్టండి.

మీ ఇంట్లో పాత రీలు కెమెరా ఏదైనా ఉంటే పిల్లలతో పంపండి. పనిచేస్తుందో లేదో క్లబ్‌లో చూసి తిరిగి పంపిస్తాం. లోపల రీలు ఉండొచ్చు కాబట్టి తలుపు మాత్రం తెరవకండి. ముందు ఎడమ నాబ్‌ని బాణం వైపు మెల్లగా తిప్పి చూడండి. బిగువుగా తగిలితే లోపల ఎవరివో ఫోటోలు ఉన్నాయన్నమాట.